నైట్లు, ఉక్కు కవచాలు: అపోహలు - వాస్తవాలు

మా నాన్న తెనాలిలో టైలర్. నేను ఇంగ్లాండ్ లో లీడ్స్ దగ్గర ఒక చిన్న వర్క్‌షాప్ లో ఆర్మర్ చేస్తాను, అంటే మధ్యయుగంలో యూరప్ నైట్లు (గుర్రం మీద పోరాడే యోధులు) వేసుకున్న ఉక్కు కవచాలని అదే పద్ధతిలో మళ్ళీ తయారు చేసే పని, తొమ్మిదేళ్ళ నుంచి ఇదే చేస్తున్నా. ఊరొచ్చినప్పుడల్లా మావాళ్ళు అడిగేవన్నీ సినిమాల్లో, గేముల్లో చూసిన విషయాలే, ప్రతిసారీ నోటితో చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మంచిదనిపించింది.

అపోహ: కవచం వేసుకుంటే మనిషి కదల్లేడు, గుర్రం ఎక్కించడానికి క్రేన్ కావాలి, పడితే లేవలేడు

అన్నిటికంటే ఎక్కువ వినేది ఇదే, నాకు ఎక్కువ బాధ కలిగించేది కూడా ఇదే. 1400ల్లో యుద్ధానికి వేసుకున్న కవచం తల నుంచి పాదాల దాకా మొత్తం కలిపి సుమారు 15 నుంచి 25 కిలోలు. ఇవాళ్టి సైనికుడు చాలాసార్లు అంతకంటే ఎక్కువే మోస్తాడు, అదీ వీపు మీద. కవచం బరువు అలా ఒకేచోట వేలాడదు. కాళ్ళ రేకులు నడుము దగ్గర కడతాం, చేతులవి భుజం దగ్గర, ఛాతీ రేకు సరిగ్గా చేస్తే నడుము సన్నంగా ఉండేచోట కూర్చుంటుంది, అందుకే పాత కవచాలన్నిటికీ నడుము అంత పైకి, అంత సన్నగా కనిపిస్తుంది.

ఫ్రాన్స్ లో బూసికో అని ఒక మార్షల్, అంటే పెద్ద సేనాధిపతి, ఉండేవాడు, 1366 లో పుట్టాడు. ఆయన బతికుండగానే రాసిన జీవితకథలో ఆయన కసరత్తులు ఉన్నాయి, హెల్మెట్ ఒక్కటి తీసేసి మిగతా కవచం అంతా వేసుకుని పల్టీలు కొట్టేవాడట, రికాబు మీద కాలు పెట్టకుండా గుర్రం మీదకి ఎగిరి కూర్చునేవాడట, నిచ్చెన కింద వైపు నుంచి కాళ్ళు ఆనించకుండా ఒట్టి చేతుల్తో పైకి ఎక్కేవాడట. రాసినవాళ్ళు కొంత పొగిడారనే అనుకుందాం, అయినా కదల్లేని మనిషి గురించి ఎవరూ అలా రాయరు కదా. ఇదే బూసికో 1415 లో అజిన్‌కోర్ట్ యుద్ధంలో ఇంగ్లీషు వాళ్ళకి దొరికిపోయాడు, ఆ రోజు ఫ్రెంచ్ వాళ్ళని ముంచింది కొత్తగా దున్నిన పొలంలో వాన బురద, బాణాలు, వెనక నుంచి తోసుకొచ్చిన సొంత జనం, ఇవన్నీ కలిసి. కవచం లేకుండా ఆ బురదలో దిగినా నలిగిపోయేవాళ్ళే.

మరి క్రేన్ సంగతి ఎక్కడిది అంటే, 1944 లో వచ్చిన ఒక ఇంగ్లీషు సినిమాలో ఒక నైట్ ని కప్పీతో గుర్రం మీదకి దించారు, జనం మనసులో అది అలా ఉండిపోయింది. దానికి తోడు జౌస్టింగ్ కవచాలు, అంటే పోటీల్లో ఈటెతో ఎదురెదురుగా గుద్దుకునే ఆటకి వాడేవి, 40 కిలోలు దాటేవి కూడా ఉన్నాయి, హెల్మెట్ ని ఛాతీ రేకుకి బిగించేసేవాళ్ళు, తల కూడా తిరగదు. అది ఆట సామాను. మ్యూజియంలో దాన్ని చూసి యుద్ధానికీ ఇలాగే పోయేవాళ్ళు అనుకుంటారు.

అపోహ: అయితే కవచం అసలు బరువే కాదన్నమాట

ఇది ఇప్పుడు ఇంటర్నెట్ లో కొత్తగా పుట్టిన అపోహ, మొదటిదాన్ని ఖండించే ఊపులో కవచాల పనిలో ఉన్న మావాళ్ళే కొంతమంది దీన్ని తయారు చేశారు. లీడ్స్ యూనివర్సిటీ వాళ్ళు 2011 లో ఒక పరిశోధన బయటపెట్టారు, 30 నుంచి 50 కిలోల, అంటే పైన నేను చెప్పినవాటికంటే బరువైన కవచాలు వేసుకున్న వాళ్ళని ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఊపిరి కొలిచారు, మామూలుగా నడిచేదానికి రెండు రెట్లకి పైనే శక్తి ఖర్చయ్యింది. కారణం ఏంటంటే కాళ్ళకి కట్టిన ఉక్కు, అడుగు అడుగుకీ దాన్ని ఎత్తి ముందుకి ఊపాలి కదా. ఛాతీ చుట్టూ రేకు బిగించి ఉండటంతో ఊపిరి కూడా పైపైనే ఆడుతుంది. నా అనుభవం కూడా అదే, పరిగెత్తగలను, మోకాళ్ళ మీద కూర్చుని లేవగలను, పడుకుని లేవగలను, కానీ హెల్మెట్ ముఖం రేకు దించుకుని రెండు నిమిషాలు గట్టిగా కొట్లాడితే నా ఊపిరి వేడే నా మొహానికి కొడుతుంది, చెమట కళ్ళలోకి కారుతుంది, తుడుచుకోవడానికి దారి లేదు.

అపోహ: కమ్మరి ఇనప రేకుని సుత్తితో వంచి తొడిగేస్తాడు, ఎవరిది ఎవరికైనా సరిపోతుంది

ఇక్కడే నాకు మా నాన్న గుర్తొస్తాడు. కవచం అంటే కుట్టించుకున్న బట్ట, గుడ్డ బదులు ఉక్కు, అంతే. నేను మొదట్లో చేసిన తొడ రేకులు ఒక కస్టమర్ కి నిలబెట్టి కొలతలు తీసుకుని చేశా, నిలబడితే అద్దినట్టు ఉన్నాయి, గుర్రం ఎక్కి కూర్చోగానే తొడ కండ పరుచుకుని రేకు అంచు లోపలికి దిగి కమిలిపోయింది పాపం. ఆ రాత్రి ఫోన్ లో నాన్నకి చెప్తే "నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి కొలవాలి నాన్నా, ప్యాంటు కుట్టేవాడికి ఇది మొదటి రోజు చెప్పే మాట" అన్నాడు. అప్పటి నుంచి అలాగే కొలుస్తున్నా.

పాతకాలంలోనూ ఇదే లెక్క. ఇటలీలో మిలాన్, జర్మనీలో ఆగ్స్‌బర్గ్, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ ఇవి పేరుమోసిన కవచాల ఊళ్ళు, రాజు ఎక్కడో దూరంగా ఉంటే ఆయన వేసుకునే కోటు, కాళ్ళ తొడుగులు అక్కడికి పంపించేవాళ్ళు, మన దగ్గర ఆది జాకెట్ ఇచ్చినట్టే. ఇంగ్లాండ్ రాజు ఎనిమిదో హెన్రీ అయితే లండన్ దగ్గర గ్రీనిచ్ లో తన కోసమే వర్క్‌షాప్ పెట్టించాడు. ఆయన కుర్రతనం కవచాలూ ఉన్నాయి, 1540 నాటిదీ ఉంది, దాని నడుము 50 అంగుళాలు దాటింది, కవచాలు వరసగా చూస్తే ఆ మనిషి ఎలా లావయ్యాడో తెలిసిపోతుంది. 1520 లో నేల మీద నిలబడి పోటీ పడటానికి ఆయనకి చేసిన కవచం ఒకటి మా లీడ్స్ లోనే రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో ఉంది, ఒంటి మీద ఎక్కడా సందు లేదు, మోచేతి లోపలి మడత, మోకాలి వెనక, పిరుదులు, అన్నీ ఒకదాని మీద ఒకటి జరిగే సన్నటి రేకులే, 40 కిలోల పైమాట. దాని మోకాలి వెనక రేకులు చూస్తూ నేను గంటసేపు నిలబడిపోయా. పోటీ రూల్స్ మారడంతో దాన్ని మధ్యలోనే వదిలేశారు, పైన అలంకారం చెయ్యలేదు, అందుకే సుత్తి పని అంత బాగా కనిపిస్తుంది.

రేకు మందం కూడా అంతటా ఒకటే ఉండదు. ఛాతీకి ఎదురుగా రెండు మిల్లీమీటర్లు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ, చేతుల వెనక వైపు ఒక మిల్లీమీటర్ చుట్టుపక్కల. దెబ్బ పడేచోట మందం, పడని చోట పల్చన. ఇదంతా రేకు సాగదీసేటప్పుడు సుత్తితోనే చెయ్యాలి.

తొడిగేటప్పుడు కింద నుంచి పైకి వస్తాం. లోపల ఆర్మింగ్ డబ్లెట్ అని ఒంటికి పట్టేసే కోటు, దాని చంకల్లో గొలుసు రింగుల ముక్కలు కుట్టి ఉంటాయి ఎందుకంటే చంకలోకి రేకు రాదు. ఆ కోటు మీద జంటలుగా తాళ్ళు, ప్రతి రేకుకీ తోలు ముక్క, తోలుకి రెండు బెజ్జాలు, తాడు దూర్చి ముడి. 15వ శతాబ్దం నాటి ఒక ఇంగ్లీషు రాతప్రతిలో ఈ తాళ్ళు క్రాస్‌బోకి (అడ్డంగా పట్టుకుని మీట నొక్కి వదిలే విల్లు) వాడే దారంతో పేనాలనీ, చెప్పులు కుట్టేవాళ్ళ మైనం పట్టించాలనీ రాసి ఉంది, అప్పుడే అవి సాగవు, తెగవు అని. నేను మామూలు దారం, మైనం పట్టించిన దారం రెండూ వాడి చూశా, మామూలుది చెమటకి తడిసి సాగి భుజం రేకు అరంగుళం కిందకి జారింది. అరంగుళం జారితే చెయ్యి పైకి లేవదు.

అపోహ: కత్తితో కవచాన్ని చీల్చేయొచ్చు

చీల్చలేరు. పదునైన కత్తి గట్టి ఉక్కు రేకు మీద జారిపోతుంది, గీత పడుతుంది. కత్తి పది కిలోలు ఉండేదన్నది కూడా తప్పే, ఒంటి చేతి కత్తి కిలో, కిలోంపావు, పెద్ద రెండు చేతుల కత్తులు కూడా రెండు మూడు కిలోల దగ్గరే. కవచం ఉన్నవాడితో కొట్లాడితే కత్తి మధ్యలో రెండో చేత్తో పట్టుకుని మొనని చంకలోకో ముఖం రేకు సందులోకో పొడిచేవాళ్ళు, లేకపోతే పోలాక్స్ అనే పొడవాటి కర్ర గొడ్డలితో తల మీద బాదేవాళ్ళు, కింద పడేసి బాకు దించేవాళ్ళు. చూడ్డానికి అందంగా ఉండదు.

అపోహ: క్రూసేడ్లకి వెళ్ళిన నైట్లు కూడా ఇలా నిలువెల్లా ఉక్కు రేకులే వేసుకున్నారు

క్రూసేడ్లంటే జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు చేసిన యుద్ధాలు, మొదటిది 1096 లో బయల్దేరింది, అప్పుడు ఉన్నది గొలుసు కవచం, ఇరవై ముప్పై వేల రింగులు, ఒక్కో రింగు ఇంకో నాలుగింటితో కలిపి, కొసలకి రివెట్ (చిన్న మేకు లాంటిది) కొట్టి. పది పన్నెండు కిలోలు, అదంతా భుజాల మీదే వేలాడుతుంది కాబట్టి నాకైతే రేకు కవచం కంటే అదే ఎక్కువ అలసట. 1361 లో స్వీడన్ దగ్గర గోట్లాండ్ దీవిలో విస్బీ యుద్ధం జరిగింది, చచ్చిపోయిన వాళ్ళని కవచాలతో సహా గుంతల్లో పూడ్చేశారు, తవ్వితే ఒంటి మీద గొలుసు కవచాలు, గుడ్డ లోపల రేకులు బిగించిన కోట్లు దొరికాయి. నిలువెల్లా రేకులు 1400 చుట్టుపక్కల నుంచే.

తుపాకీ రాగానే కవచాలు పోయాయి అనేదీ ఇలాంటిదే, రెండూ రెండొందల ఏళ్ళ పైన పక్కపక్కనే ఉన్నాయి. ఛాతీ రేకుని అమ్మేముందు తుపాకీతో కాల్చి ఆ సొట్టని అలాగే ఉంచేవాళ్ళు, కొనేవాడికి నమ్మకానికి.

అపోహ: కవచాలన్నీ అద్దంలా తెల్లగా మెరిసేవి

కొన్ని మెరిసేవి, నిజమే. కానీ చాలావాటిని కాల్చి నీలం రంగు తెప్పించేవాళ్ళు, కొన్నిటికి నల్ల రంగు వేసేవాళ్ళు, బంగారు పూత పోసేవాళ్ళు, బ్రిగండైన్ అనే రకానికి అయితే పైన వెల్వెట్ గుడ్డే, రేకులన్నీ లోపల, బయటికి కనిపించేది వరసగా రివెట్ తలలు మాత్రమే. తర్వాత కాలంలో వాటిని చూసుకున్న వాళ్ళు ఇసుకా ఇటుక పొడీ పెట్టి తరతరాలుగా తోమి తోమి రంగు మొత్తం ఊడగొట్టారు. ఇప్పటికీ కొన్నిటికి ఒక రేకు మీదకి ఇంకో రేకు వచ్చేచోట, తోమేవాడి చెయ్యి దూరని ఆ సన్నటి సందులో, నెమలి మెడ లాంటి నీలం మిగిలి ఉంటుంది.