ఆరు సెకన్ల దడ, ఆగని దడ

మా పెదనాన్న టూడీ ఎకో రిపోర్టు నా చేతికిచ్చి "ఏం రాశార్రా ఇందులో?" అన్నప్పుడు, అందరిలాగే నేనూ ముందు వెతికింది ఈఎఫ్ అంకె, అంటే గుండె కింది గది ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతుందో చెప్పేది. 60 శాతం ఉంది. హమ్మయ్య అనుకుని కవర్లో పెట్టేశాం. అదే కాగితంలో ఎడమ కర్ణిక, అంటే గుండెలో ఎడమవైపు పై గది, 4.8 సెంటీమీటర్లు అని కూడా ఉంది, దాని వంక ఎవరం చూడలేదు. ఆయన జబ్బు ఏట్రియల్ ఫిబ్రిలేషన్, డాక్టర్లు పొట్టిగా ఏఎఫ్ అంటారు. ముందు నుంచి వెనక్కి కొలిస్తే మామూలుగా ఆ గది 4 సెంటీమీటర్లు దాటదు. ఈ జబ్బు సంగతి చాలావరకు ఆ ఒక్క వరసలోనే ఉంటుందని తర్వాత చదువుతుంటే తెలిసింది.

గుండెలో పై గదులు రెండూ కర్ణికలు, కింది రెండూ జఠరికలు. ఏఎఫ్‌లో కర్ణికలు నిమిషానికి 350 నుంచి 600 సార్లు అదురుతుంటాయి. దాన్ని కొట్టుకోవడం అనలేం, చలిజ్వరం వచ్చినవాడి వణుకు లాంటిది. అదృష్టం కొద్దీ పైకీ కిందికీ మధ్య ఏవీ నోడ్ అనే కాపలావాడు ఉన్నాడు కాబట్టి ఆ సంకేతాల్లో కొన్నే కిందికి దిగుతాయి. దిగినవి కూడా ఒక లెక్కలో దిగవు. అందుకే నాడి పట్టుకుంటే ఒకటి గట్టిగా, రెండు వెంటవెంటనే, ఆ తర్వాత ఖాళీ.

ఇదంతా కరెంటు గొడవ, వైరింగ్ సరిచేస్తే ఇల్లు బాగుపడుతుంది అనే నేను అనుకునేవాణ్ణి. గోడలు కూడా మారిపోతాయని తెలియదు.

అది బాగా అర్థమయ్యేది మేకల ప్రయోగం చదివితే. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మారిట్స్ అలెసీ బృందం చేసిన ఆ పని 1995లో అచ్చయింది. ఆరోగ్యంగా ఉన్న మేకల కర్ణికలకు ఎలక్ట్రోడ్లు కుట్టి, గుండె మామూలు లయకు వచ్చిందని కనిపెట్టగానే మళ్ళీ చిన్న కరెంటు దెబ్బ ఇచ్చి దడ పుట్టించే యంత్రం ఒకటి తగిలించారు. మొదట్లో ఆ దడ సుమారు 6 సెకన్లకే తనంతట తాను ఆగిపోయేది. పుట్టిస్తున్నకొద్దీ నిమిషాలయింది, గంటలయింది, చివరికి 11 మేకల్లో 10 మేకలకు రోజు దాటినా ఆగలేదు. అక్కడిదాకా రావడానికి సగటున వారం పట్టింది. వాటికి వేరే గుండెజబ్బేమీ లేదు, బీపీ లేదు, వయసు మీద పడలేదు. దడే దడకు చోటు చేసిపెట్టింది.

ఎలాగంటే, గుండె కణం ఒకసారి స్పందించాక కాసేపు విశ్రాంతి తీసుకుంటుంది, ఆ లోపు ఎంత తట్టినా పలకదు. అన్నేసిసార్లు తడుతుంటే కణంలోకి కాల్షియం విపరీతంగా వచ్చిపడుతుంది, కణం తనను తాను కాపాడుకోవడానికి కాల్షియం వచ్చే తలుపులు తగ్గించుకుంటుంది, దాంతో విశ్రాంతి సమయం కుదించుకుపోతుంది. మళ్ళీ పలకడానికి తొందరగా సిద్ధమైపోయే కణాల మధ్య దడ ఆరకుండా తిరుగుతూనే ఉంటుంది. కాల్షియం తగ్గితే పిండే బలమూ తగ్గుతుంది. మామూలు లయ నిలిస్తే ఈ విద్యుత్ మార్పులు వారంలో సర్దుకున్నాయి.

సర్దుకోనివి వేరే ఉన్నాయి. ఆ తర్వాత మేకల కర్ణికల ముక్కలు మైక్రోస్కోపు కింద పెడితే, కణాల్లో సంకోచించే పోగులు కరిగిపోయి ఆ ఖాళీలో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ నిండి కనిపించింది. దడ ఆపాక నెలలు గడిచినా ఇవి పూర్తిగా పాత రూపానికి రాలేదు. మనుషుల్లో దీనికి తోడు, కణాల మధ్య కొల్లాజెన్ పీచు పేరుకుంటుంది, దెబ్బ మానాక పడే మచ్చ లాంటిదే. పంట కాలువలో అక్కడక్కడా పూడిక పడితే నీళ్ళు తిన్నగా పోవు కదా, పక్కకి మళ్ళి, సుడి తిరిగి, వచ్చిన దారికే వస్తాయి. విద్యుత్తూ అంతే.

కర్ణిక గోడ 2, 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అంతే. పిండే బలం పోయి లోపల ఒత్తిడి పెరిగితే అది సాగక ఏం చేస్తుంది? గది సాగితే పై గదికీ కింది గదికీ మధ్య కవాటం అమరి ఉన్న వలయమూ సాగి, రెక్కలు బాగానే ఉన్నా మూసుకున్నప్పుడు కలవవు. రక్తం వెనక్కి కారుతుంది, ఆ రక్తంతో గది ఇంకా సాగుతుంది. ఎడమ కర్ణికకు పక్కన చిన్న సంచి లాంటి భాగం ఒకటి ఉంటుంది, కదలిక లేక రక్తం గడ్డకట్టేది ఎక్కువగా అక్కడే. ఆ గడ్డ మెదడుకు వెళ్తే పక్షవాతం. గుండె దడగా అనిపించకపోయినా ఈ ప్రమాదం ఉంటుంది కాబట్టే, "నాకు బాగానే ఉంది" అని రక్తం పల్చబడే మందు సొంతంగా మానేసేవాళ్ళను చూస్తే నాకు భయం.

మన దేశంలో ఈ కథ తలకిందులుగా నడిచేవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల ఎడమవైపు ఉండే ఆ కవాటం (మైట్రల్ కవాటం) బిగుసుకుపోతుంది, గది ముందు ఉబ్బుతుంది, ఏఎఫ్ తర్వాత వస్తుంది. ఇలాంటి 4,500 మందికి పైగా రోగులతో చేసిన ఇన్విక్టస్ పరిశోధన 2022లో వెలువడింది, వీళ్ళకు రక్తం పల్చబడే కొత్త మందు రివరోక్సబాన్ కంటే వార్ఫరిన్ రకం పాత మందులే మేలని తేలింది. పక్కింటాయన బిళ్ళ మనకు పనికిరాకపోవచ్చు.

1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ ఐసగేర్ బృందం 45 మందిలో వెతికితే, దడ రాజేసే నిప్పురవ్వల్లో 94 శాతం ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల్లో దొరికాయి. గుండెలోకి సన్నని తీగ పంపి అలాంటి చోట్లను కాల్చే అబ్లేషన్ అనే చికిత్స ఇంతగా వ్యాపించింది అప్పటినుంచే. కానీ గోడలో పీచు ఎక్కువ ఉన్నవాళ్ళకు అబ్లేషన్ తర్వాత దడ తిరగబెట్టడం ఎక్కువని 2014లో ఎంఆర్ఐ లెక్కలు చెప్పాయి. సరే, ఆ మచ్చల్ని కూడా కాలిస్తే? 2022లో అదీ చూశారు, అదనపు లాభం కనబడలేదు. మచ్చను కాలిస్తే మిగిలేదీ మచ్చే మరి!

నాకు ఆశ కలిగించింది మాత్రం ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి 2015లో వచ్చిన లెగసీ అధ్యయనం. లావుగా ఉన్న ఏఎఫ్ రోగుల్లో పదో వంతుకు పైగా బరువు తగ్గి దాన్ని నిలుపుకున్నవాళ్ళు దడ లేకుండా ఉండే అవకాశం, తగ్గనివాళ్ళతో పోలిస్తే దాదాపు ఆరు రెట్లు. వాళ్ళ ఎడమ కర్ణిక పరిమాణం కూడా తగ్గింది. అంటే సాగిన గోడ కొంత వెనక్కి వస్తుంది.

ఇది చెప్పాక పెదనాన్న రాత్రి అన్నం మాని జొన్నరొట్టెకు వచ్చారు, సాయంత్రం నడుస్తున్నారు. మొన్నటి ఎకోలో 4.6 వచ్చిందని ఫోన్ చేసి ఒకటే సంబరం. రెండు మిల్లీమీటర్ల తేడా కొలిచే చేతిని బట్టి కూడా వస్తుందని నాకు తెలుసు. ఆ రోజుకి చెప్పలేదు.