పెద్ద ఫైల్‌ని ముక్కలు చేస్తే పాడవుతుందా? స్ప్లిట్ కమాండ్‌పై అపోహలు, వాస్తవాలు

అమీర్‌పేటలో లైనక్స్ కోర్సు చేసి వచ్చినవాళ్లు గ్రెప్, ఆక్ లాంటి కమాండ్లు అయితే చకచకా కొట్టేస్తారు, పెద్ద ఫైల్‌ని స్ప్లిట్ చేసి పంపమంటే మాత్రం టెన్షన్ పడతారు. మాదాపూర్‌లో మా టీమ్‌కి కొత్తగా వచ్చేవాళ్లు పదే పదే అడిగేవి ఇక్కడ రాస్తున్నా. ఇదంతా లైనక్స్‌లో ఉండే జీఎన్‌యూ స్ప్లిట్ (ఫైల్‌ని ముక్కలుగా కోసే కమాండ్) గురించే.

అపోహ: స్ప్లిట్ టెక్స్ట్‌కే పనికొస్తుంది, బైనరీ ఫైల్ పాడైపోతుంది.

అస్సలు కాదు. వీడియో అయినా, డేటాబేస్ బ్యాకప్ అయినా స్ప్లిట్‌కి అది బైట్ల వరస, అంతే. ఒక్క బైటు కలపదు, ఒక్కటి తీయదు. ముక్కల్ని అదే వరసలో క్యాట్ అనే కమాండ్‌తో కలిపితే అసలు ఫైలే వస్తుంది. కాకపోతే ఏ ఆప్షనూ ఇవ్వకపోతే 1000 లైన్లకో ముక్క చేస్తుంది, బైనరీలో, లైను అయిపోయిందని చెప్పే న్యూలైన్ బైటు ఎక్కడ తగులుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఒక ముక్క చిన్నగా, ఒకటి భారీగా వస్తాయి. అందుకే బైనరీకి హైఫన్ బి ఆప్షన్ పెట్టి సైజు చెప్పండి.

ఆ సైజు దగ్గరే ఇంకో చిక్కుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉందనుకోండి. ఎంత ఖాళీ ఉన్నా ఒక ఫైలు 4,29,49,67,295 బైట్లు దాటితే ఎక్కదు. హైఫన్ బి 4జి అని కొడితే వచ్చే ముక్క సరిగ్గా 4,29,49,67,296 బైట్లు! ఒక్క బైటు ఎక్కువై కాపీ ఆగిపోతుంది, పెన్‌డ్రైవ్ పాడైందని మళ్లీ షాపుకి పరిగెత్తాల్సిన పనేం లేదు. 4000ఎం అని ఇవ్వండి, హాయిగా పడుతుంది.

అపోహ: తెలుగు టెక్స్ట్‌ని బైట్ల లెక్కన కోస్తే అక్షరాలు పోతాయి.

పోవు, తెగుతాయి. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు కోడ్ ఒక్కోదానికి 3 బైట్లు. "అమ్మ"లో అ, మ, పొల్లు, మ కలిపి 12 బైట్లు. 10 బైట్ల దగ్గర కోస్తే మొదటి ముక్కలో "అమ్", దాని పక్కన ప్రశ్నార్థకం ఉన్న డబ్బా కనిపిస్తుంది, చివరి "మ"లో మిగిలిన 2 బైట్లు రెండో ముక్కలోకి పోతాయి. రెండూ కలిపితే మళ్లీ "అమ్మ" చక్కగా వస్తుంది. ముక్కల్ని విడివిడిగా చదవాలంటే మాత్రం హైఫన్ ఎల్‌తో లైన్ల లెక్కన కోయండి, లేదా హైఫన్ క్యాపిటల్ సి వాడండి, అది చెప్పిన సైజు దాటకుండా పూర్తి లైన్లే పెడుతుంది (ఒక్క లైనే ఆ సైజుకి మించితే తప్ప).

అపోహ: సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టేబుల్ ఫైల్) అయితే లైన్ల లెక్కన కోస్తే చాలు.

ఇది నమ్మే చాలామంది ఇబ్బంది పడతారు. హెడర్ (కాలమ్ పేర్ల లైను) మొదటి ముక్కలోనే ఉంటుంది, మిగతావాటికి మీరే పెట్టుకోవాలి. అసలు చిక్కు అడ్రస్ కాలమ్‌తో. మన హైదరాబాద్ అడ్రస్‌లు తెలిసినవే కదా, "దిల్‌సుఖ్‌నగర్, సాయిబాబా గుడి ఎదురుగా" అని రాసి ఎంటర్ కొట్టి కింద ఫ్లాట్ నంబర్ రాస్తారు. కోట్స్ లోపల ఉన్నా స్ప్లిట్‌కి అది కొత్త లైనే, రికార్డు మధ్యలో తెగిపోవచ్చు. ఇలాంటి ఫైళ్లకి సీఎస్‌వీ అర్థమయ్యే పైథాన్ స్క్రిప్ట్ రాసుకోవడమే మేలు.

అపోహ: జిప్ ఫైల్ మొదటి ముక్క ఒక్కటే తెరిచి చూసుకోవచ్చు.

మామూలుగా తెరుచుకోదు. జిప్‌లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక చివర్లో ఉంటుంది. అన్నీ కలిపాకే తెరవాలి.

విండోస్‌లో కలిపేవాళ్లకి ఒక మాట: కాపీ కమాండ్‌లో ప్లస్‌తో కలిపేటప్పుడు స్లాష్ బి తప్పనిసరి. లేకపోతే టెక్స్ట్ అనుకుని, 26 విలువున్న బైటు తగలగానే ఆ ముక్క అక్కడితో అయిపోయిందనుకుంటుంది, మిగతాది పోయినట్టే.

అపోహ: కలిపాక సైజు సరిపోతే అంతా ఓకే.

ముక్కల వరస తారుమారైనా సైజు అదే వస్తుంది. స్ప్లిట్ ఇచ్చే ఎక్స్‌ఏఏ, ఎక్స్‌ఏబీ పేర్లతో ఈ బాధ లేదు, ఎవరైనా వాటిని పార్ట్1, పార్ట్2 అని మార్చినప్పుడే వస్తుంది, ఎందుకంటే క్యాట్‌కి స్టార్ గుర్తు ఇస్తే పార్ట్1 తర్వాత పార్ట్10 వచ్చి కూర్చుంటుంది. కోసే ముందు షా256సమ్ కమాండ్‌తో, ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్ తీసి ముక్కలతో పాటే పంపండి, అవతల కలిపాక అదే వచ్చిందని ఫోన్ చేసి చెప్పేదాకా అసలు ఫైల్‌ని డిలీట్ చేయకండి.