ఓడినవాడికి వేసిన ఓటు ఎక్కడికి పోతుంది?

నేను గవర్నమెంట్ టీచర్‌ని. ఎలక్షన్ వచ్చిందంటే పీవోగానో (బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్), ఏపీవోగానో (అసిస్టెంట్ ప్రిసైడింగ్ ఆఫీసర్) డ్యూటీ పడుతుంది. బూత్ బయట ప్రతిసారీ చెవిన పడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మావాడు ఎలాగూ గెలవడు, ఓటు దండగ.

వాస్తవం: పోలింగ్ ముగిశాక క్లోజ్ బటన్ నొక్కి, పోలైన ఓట్ల లెక్క 17సీ ఫారంలో రాసి ఏజెంట్లకు కాపీలిస్తాం. కౌంటింగ్ అయ్యాక ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో ఫారం 20లో వస్తుంది. తమకు ఎక్కడ తగ్గాయో గెలిచినవాళ్లూ అందులోనే వెతుక్కుంటారు. ఓడినవాడి డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. ఒక్క సీటూ రాకపోయినా, రాష్ట్రంలో 8 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీకి రాష్ట్ర పార్టీగా గుర్తింపు దొరుకుతుంది. వీటన్నిటిలో మీ ఓటు ఉంటుంది.

అపోహ: నా ఒక్క ఓటుతో ఏమవుతుంది?

వాస్తవం: 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్లి, 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా అసెంబ్లీ సీట్లు ఒక్క ఓటుతోనే తేలాయి. కానీ ఇలాంటివి చాలా అరుదు. వీటిని చూపించి ఓటెయ్యమనడం నాకంత నచ్చదు.

అపోహ: ఓటెయ్యకపోవడమే నా నిరసన.

వాస్తవం: ఓటేసినవారి పేరు దగ్గర లిస్టులో గీత పెడతాం. సాయంత్రానికి గీత పడని పేర్లు మిగులుతాయి. చనిపోయినా పేరు ఇంకా తొలగించనివాళ్లు, వలస వెళ్లినవాళ్లు, సెలవు దొరికిందని పడుకున్నవాళ్లు అందరూ వాటిలోనే. మీ కోపం అక్కడ ఎవరికి కనబడుతుంది? 2013 నుంచి నోటా ఉంది. దానికే ఎక్కువ పడినా అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో అభ్యర్థుల్లో ముందున్నవారే గెలుస్తారు. ఆ మాట దాచను. అయినా ఎంతమంది కాదన్నారో అంకె మిగులుతుంది.

అపోహ: నా ఓటు ఎవరో వేసేశారు, ఇక చేసేదేం లేదు.

వాస్తవం: గొడవపడి వెళ్లిపోకండి. పీవోను టెండర్ ఓటు అడగండి. మీరు మీరేనని తేలితే కాగితం బ్యాలెట్ ఇచ్చి, విడిగా కవర్లో పెట్టి సీలు వేస్తాం. మామూలు కౌంటింగ్‌లో కలపరు గానీ, రేపు కేసు కోర్టుకెళితే అది అక్కరకొస్తుంది.

అపోహ: టైమ్ అయిపోతే క్యూలో ఉన్నా పంపేస్తారు.

వాస్తవం: గడువుకల్లా లైన్లో ఉంటే చాలు. చీటీలు చివరి మనిషి నుంచి ముందుకు పంచుతాం, వెనక ఇంకెవరూ చేరకుండా. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో కొన్నిచోట్ల అలా చీటీ పట్టుకుని అర్ధరాత్రి దాటేదాకా నిలబడ్డారు.