మూర్‌సైడ్ చేజారిన వారం

ఇంగ్లండ్ వాయవ్య తీరంలో, సెల్లాఫీల్డ్ అణుకేంద్రం పక్కనున్న భూమి మళ్లీ వార్తల్లోకి వచ్చింది. పయనీర్ పార్క్ పేరుతో అక్కడికి స్వచ్ఛ ఇంధన పరిశ్రమలు తెస్తామని 2025లో బ్రిటన్ ప్రభుత్వం చెప్పింది. రియాక్టర్ సంగతేమిటని కార్మిక సంఘాలు అడుగుతున్నాయి. అణుకేంద్రం మీద ఆధారపడని పని ఎప్పుడొస్తుందన్నది ఎదుటి పక్షం ప్రశ్న.

సెల్లాఫీల్డ్‌ను విండ్‌స్కేల్ అనే రోజుల్లో, 1957లో అక్కడి రియాక్టర్‌లో జరిగిన అగ్నిప్రమాదం చాలామందికి తెలిసిందే. ఈ తగువు అర్థం కావాలంటే మాత్రం చూడాల్సింది 2018 నవంబరు. ఆ నెల 8న తోషిబా మూర్‌సైడ్ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. ఈ భూమిలోనే ఏపీ1000 అనే నమూనా అణు రియాక్టర్లు మూడు కట్టాల్సిన ప్రాజెక్టు అది. వాడేసిన అణు ఇంధనం నుంచి మళ్లీ పనికొచ్చే పదార్థాన్ని వేరుచేసే పని (రీప్రాసెసింగ్) 1994 నుంచి చేస్తున్న సెల్లాఫీల్డ్‌లోని థార్ప్ ప్లాంటు కూడా అదే వారం ఆగిపోయింది. థార్ప్ మూత ముందే తెలుసు. దాంతో పోయే ఉపాధిని మూర్‌సైడ్ పూడుస్తుందని చాలామంది నమ్మారు.

తోషిబా వెళ్లిపోవడంలో స్థానికుల తప్పేమీ లేదు. దాని అమెరికా సంస్థ వెస్టింగ్‌హౌస్, అక్కడి రియాక్టర్ల ఖర్చు మోయలేక 2017 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకు అనుకున్న ఆరు రియాక్టర్లూ ఆ సంస్థవే, ఆ నమూనావే.

ఎక్కడో ఉన్న కంపెనీ నిర్ణయం ఇక్కడ ఇంత దెబ్బ కొట్టడానికి కారణం ఉంది. సెల్లాఫీల్డ్ దగ్గరి ఊరు వైట్‌హేవెన్‌లో హేగ్ బొగ్గు గని 1986లో మూతపడింది. ఆ ఊళ్లోనే మార్షన్ రసాయనాల ఫ్యాక్టరీ 2005లో, వర్కింగ్టన్‌లో రైలు పట్టాల మిల్లు 2006లో పోయాయి. మిగిలిన పెద్ద దిక్కు సెల్లాఫీల్డ్. అప్పుడు ఈ ప్రాంత అభివృద్ధి కోసం తయారైన 'ఎనర్జీ కోస్ట్' ప్రణాళిక వేరే దారి వెతకాల్సింది పోయి, మళ్లీ అణువిద్యుత్తు మీదే పెద్ద ఆశ పెట్టుకుంది.

ఇంత జీతం, ఇంత నైపుణ్యం ఇచ్చే పని ఇంకెక్కడుందని సంఘాలు అంటాయి. అది నిజమే. కానీ ఆ జీతాలతో పోటీపడలేక చిన్న సంస్థలు మనుషుల్ని నిలుపుకోలేవన్న రెండో పక్షం మాట కూడా వినాలి. సెల్లాఫీల్డ్‌లో నేటికీ సుమారు 11,000 మంది పనిచేస్తున్నారు. అక్కడి పాత అణు కట్టడాలు, వ్యర్థాల శుద్ధి పనులు 2125 దాకా సాగుతాయనీ, 13,600 కోట్ల పౌండ్లు అవుతాయనీ 2024లో బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్క చెప్పింది. గని మూతపడితే జీతం ఆ రోజే ఆగుతుంది. ఇక్కడ వందేళ్ల పని ఉంది కాబట్టి కొత్త ఉపాధి గురించి పాలకులకు తొందర కలగలేదు. ఆ డబ్బు వ్యర్థాల కోసం, ఊరి కోసం కాదు.

వైట్‌హేవెన్ కొత్త బొగ్గు గనికి 2022లో వచ్చిన అనుమతిని కూడా 2024 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. దాంతో అందరి చూపూ ఈ భూమి మీదికే మళ్లింది. దాని యజమాని ఎవరంటే, సెల్లాఫీల్డ్‌ను శుద్ధి చేయిస్తున్న ప్రభుత్వ అణు తొలగింపు సంస్థే. అక్కడేం రావాలో తేల్చే చర్చలో స్థానిక పాలక మండలి కంబర్లాండ్ కౌన్సిల్ భాగస్వామి మాత్రమే.