హోస్ట్ డిస్కు నిండిపోయిందా? వర్చువల్ మెషీన్ల మీద కొన్ని అపోహలు

భీమవరం, తణుకు చుట్టుపక్కల రైస్ మిల్లులకు, రొయ్యల మేత దుకాణాలకు చిన్న సర్వర్లు అమర్చడం నా పని. ఒకే కంప్యూటర్‌లో (ఇదే హోస్ట్) ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, దాని మీద రెండు మూడు వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్ లోపలి కంప్యూటర్లు (ఇవే గెస్ట్‌లు) నడుపుతాం. ఎక్కడికి వెళ్లినా వినిపించే మాటలివి.

అపోహ: గెస్ట్‌కు 100 జీబీ ఇచ్చామంటే హోస్ట్‌లో అంత చోటు పక్కన పెట్టినట్టే.

వాస్తవం: థిన్ పద్ధతిలో, అంటే గెస్ట్ రాసేకొద్దీ చోటు తీసుకునే పద్ధతిలో, ఇచ్చేది మాట మాత్రమే. 500 జీబీ డిస్కు మీద మూడు గెస్ట్‌లకు 300 చొప్పున రాసిచ్చినా అడ్డుపడేవారు లేరు. ఎగువ రైతులంతా ఒకేసారి తూములు ఎత్తితే శివారు చేనుకు నీరందదు. ఇక్కడ శివారు రైతు హోస్టే. అందుకే హోస్ట్ రూట్ (హోస్ట్ సొంత సిస్టమ్ ఉండే భాగం) వేరు, గెస్ట్ డిస్కుల చోటు వేరుగా ఉండాలి.

అపోహ: గెస్ట్‌లో ఫైళ్లు తుడిచేస్తే హోస్ట్‌లో చోటు ఖాళీ అవుతుంది.

వాస్తవం: గెస్ట్ డిస్కు సెట్టింగుల్లో డిస్కార్డ్ పెట్టి, గెస్ట్ లోపల ట్రిమ్ (ఖాళీ అయిన చోటును కింది డిస్కుకు తెలిపే ఆదేశం) నడిపితేనే.

అపోహ: బ్యాకప్ బయటి డిస్కుకు పోతోంది, హోస్ట్‌కు భయం లేదు.

వాస్తవం: నేనూ ఇలాగే నమ్మాను. ఒక మిల్లులో వాన రాత్రి కరెంటు పోయి వచ్చింది. సర్వర్ లేచింది, యూఎస్‌బీ డిస్కు మౌంట్ కాలేదు, అంటే తన ఫోల్డర్‌కు అతుక్కోలేదు. బ్యాకప్ మాత్రం ఆగలేదు, అదే పేరుతో ఉన్న ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే హోస్ట్ రూట్‌లోకే రాసుకుంటూ పోయింది. మూడో రాత్రికి రూట్ నిండి, లాగిన్ కూడా కాలేదు. నేను వెళ్లేలోగా ఎవరో డిస్కును తిరిగి మౌంట్ చేయడంతో ఆ ఫైళ్లు దాని కింద దాక్కున్నాయి. మొత్తం చోటు లెక్క చెప్పే డీఎఫ్ ఆదేశం నిండిందంటుంది, కనిపించే ఫైళ్లను కూడే డీయూ ఏమీ లేదంటుంది. డిస్కును అన్‌మౌంట్ చేసి చూసేదాకా నాకు తట్టలేదు. తప్పు నాదే: ఆ స్టోరేజి సెట్టింగుల్లో ‘ఈజ్ మౌంట్‌పాయింట్’ పెట్టి ఉంటే, డిస్కు లేనప్పుడు రాయడమే జరగదు. ఇప్పుడు మౌంట్ చేసేముందు ఆ ఖాళీ ఫోల్డర్‌కు చాట్ర్ ప్లస్ ఐ (మార్పులను అడ్డుకునే ఆదేశం) కూడా కొడుతున్నాను. రూట్ యూజర్‌కైనా (అన్ని అధికారాలున్న ఖాతా) అందులో రాయడం కుదరదు. ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ రూట్ యూజర్ కోసం దాచే 5 శాతం చోటు కాపాడుతుందనుకోవద్దు, బ్యాకప్ నడిపేది రూట్ యూజరే.

అపోహ: డిస్కునే నేరుగా గెస్ట్‌కు అప్పగిస్తే గొడవ ఉండదు.

వాస్తవం: నిన్న హోస్ట్ ఎస్‌డీబీ అని పేరు పెట్టిన డిస్కు ఇవాళ ఎస్‌డీసీ కావచ్చు. బై-ఐడీ పేరుతోనే (సీరియల్ నంబరుతో ఉండే, మారని పేరు) ఇవ్వాలి, హోస్ట్ దాన్ని మౌంట్ చేయకూడదు. ఇద్దరూ రాస్తే ఫైల్‌సిస్టమ్ చెడిపోతుంది. నేనైతే సీరియల్ నంబరులో చివరి నాలుగు అక్షరాలు కేబినెట్ మూత లోపల స్కెచ్ పెన్నుతో రాస్తాను. రేపు డిస్కు మార్చేది నేనే కానక్కర్లేదు.