పని గంటలు, కార్మికుల ఆరోగ్యం: కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతంలో గ్రానైట్ కోత యూనిట్లలో, సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారిని చూసే వైద్యుడిగా నేను తరచూ వినే మాటలివి.

అపోహ: వారానికి 48 గంటలు దాటనంత వరకు, రోజుకు 8 గంటలు చేసినా 10 గంటలు చేసినా ఒంటికి ఒకటే.

వాస్తవం: ఒకటి కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులో సిలికా ధూళికి (రాయి కోసేటప్పుడు లేచే సన్నని పొడికి) పెట్టిన పరిమితి 8 గంటల సగటు మీద లెక్కగట్టినది. అదే ధూళిలో పది గంటలు నిలబడితే ఆ రోజు ఊపిరితిత్తుల్లోకి చేరేది నాలుగో వంతు పెరుగుతుంది, అవి తేరుకునే సమయం 16 గంటల నుంచి 14కు పడిపోతుంది. 2025లో మన శాసనసభ రోజువారీ పరిమితిని 9 నుంచి 10 గంటలకు, విరామం ఇవ్వకుండా చేయించగల పనిని 5 నుంచి 6 గంటలకు పెంచే సవరణను ఆమోదించినప్పుడు, వారపు పరిమితి మారలేదు కదా అని చాలామంది ఊరట చెందారు. నన్ను కలవరపెట్టింది ఆ ఆరో గంట. వేసవిలో నడుము నొప్పితో వచ్చిన ఒక కోత మిషను ఆపరేటరు, భోజనం బెల్లు కొట్టేదాకా నీళ్ల సీసా మూతే తీయనని చెప్పాడు. పరీక్షకు ఇచ్చిన మూత్రం టీ డికాక్షన్ రంగులో ఉంది, స్కానింగులో మూత్రపిండంలో రాయి కనిపించింది.

అపోహ: ఎక్కువ గంటలు అలవాటైతే ఒళ్లు గట్టిపడుతుంది.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అంచనా ప్రకారం, వారానికి 35-40 గంటలు చేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ.

అపోహ: గంటలు తగ్గిస్తూ చట్టం చేస్తే ఆరోగ్యం దానంతటదే బాగుపడుతుంది.

వాస్తవం: ఐస్‌లాండ్‌లో 2015-2019 మధ్య జరిగిన ప్రయోగాల్లో వారానికి 40 గంటలను 35, 36కు తగ్గించినప్పుడు ఒత్తిడి తగ్గింది, అయితే అక్కడ జీతంలో కోత పెట్టలేదు, పని పద్ధతులనూ మార్చుకున్నారు. చదరపు అడుగుల లెక్కన కూలి తీసుకునే మనిషికి గంటలు మాత్రమే తగ్గిస్తే, అతను అదే పనిని హడావిడిగా చేస్తాడు, లేదా సాయంత్రం ఇంకో యూనిట్‌కు పోతాడు. అందుకే నేను "ఎన్ని గంటలు చేస్తావు?" అని అడగడం మానేసి, "ఇంటికి ఎన్నింటికి చేరుతున్నావప్పా, ఎన్నింటికి నిద్రపోతున్నావు?" అని అడిగి, ఆ రెండు సమయాలనూ చీటీ మీద రాసుకుంటున్నాను.