ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్‌కి వెళ్తే వ్యాపారం వచ్చేస్తుందా? అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఒక కాలేజీలో విదేశీ ఎక్స్చేంజ్ వ్యవహారాలు చూస్తుంటాను, అంటే మన విద్యార్థులు కొన్నాళ్లు విదేశీ యూనివర్సిటీలో చదివి రావడం, అక్కడివాళ్లు ఇక్కడికి రావడం. పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ అడిగేవి ఏటా దాదాపు ఇవే.

అపోహ: లక్షలున్నవాళ్లకే ఇది.
వాస్తవం: రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంటే మామూలుగా ఫీజు ఇక్కడే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. ఐరోపా సమాఖ్య నడిపే ఎరాస్మస్ ప్లస్ పథకం కింద ఎంపికైతే ప్రయాణానికి, నెల ఖర్చులకి గ్రాంటు కూడా వస్తుంది. కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు అసలు ఆ ఒప్పందం ఉందో లేదో కాలేజీలో అడగండి.

అపోహ: "ఎరాస్మస్ ఫర్ యంగ్ ఆంత్రప్రెన్యూర్స్"కి మనమూ అప్లై చేయొచ్చు.
వాస్తవం: కుదరదు. 2009లో మొదలైన ఆ పథకంలో 1 నుంచి 6 నెలలు ఒక అనుభవమున్న వ్యాపారి దగ్గర పనిచేస్తారు, కానీ అది ఐరోపా సమాఖ్యలోనూ, అందులో చేరిన మరికొన్ని దేశాల్లోనూ స్థిరపడి ఉన్నవాళ్లకే.

అపోహ: అక్కడ చదివింది ఇక్కడ లెక్కకి రాదు, సెమిస్టర్ వృథా.
వాస్తవం: అక్కడ ఏ సబ్జెక్టులు చదువుతారో రాసుకునే లెర్నింగ్ అగ్రిమెంట్ మీద రెండు కాలేజీల సంతకాలూ విమానం ఎక్కకముందే అయిపోవాలి. ఐరోపాలో ఏడాది చదువుకి 60 ఈసీటీఎస్ (అక్కడి దేశాలన్నీ వాడే ఉమ్మడి లెక్క) క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కి 30. వాటిలో ఏది మన ఏ సబ్జెక్టుకి సరిపోతుందో ఆ అగ్రిమెంట్‌లో రాసి ఉంటే టెన్షన్ ఉండదు.

అపోహ: విదేశంలో క్లాసులు వింటే వ్యాపార బుర్ర వస్తుంది.
వాస్తవం: నాకు బాగా బాధ కలిగించేది ఇదే. ఒకసారి ఎక్స్చేంజ్ మీద విదేశాల నుంచి వచ్చిన విద్యార్థులూ మనవాళ్లూ కలిసి, చేపల ధరలు చూపించే యాప్ చేద్దామని తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లారు. వేలంపాట జోరులో ఎవరూ మాట్లాడలేదు, అది అయ్యాక గంపలు సర్దుకుంటున్న ఒకావిడ మాత్రం, "ధర మాకు తెల్దేటి బాబూ? ఐసు కరిగిపోతే చేప సగానికి అమ్ముకోవాల" అంది. యాప్ పక్కనపెట్టి, ఎవరు ఎంత ఐసు కొంటున్నారు, ఏ వేళకి కరుగుతోంది, మిగిలిన చేప ఎండుకి ఎంత పోతోంది అని ఆ వారమంతా గంప గంపకీ తిరిగి రాసుకున్నారు. ఆ అడగడమే వ్యాపారంలో మొదటి పని, అది ఐరోపాలో ఎంత నేర్చుకోవచ్చో మన హార్బర్‌లోనూ అంతే నేర్చుకోవచ్చు.

అందుకే దేశం పేరు చూసి ఎంచుకోవద్దు. కోర్సులో నిజమైన కొనుగోలుదారుల దగ్గరికి పంపుతారా, వేరే దేశాల వాళ్లతో కలిపి టీమ్ వేస్తారా, ఇంతకుముందు అక్కడికి వెళ్లొచ్చిన మీ సీనియర్లు ఏం చేశారు, ఈ మూడూ కనుక్కుని అప్పుడు అప్లికేషన్ పెట్టండి.